పాటల కొట్టు మూతబడిన వైనం

‘రికార్డింగ్ డాన్సు’ అనే మాట ఎరుగని వాడు మా విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో ఉండడు. జాతరలో, తీర్థంలో, తెల్లవార్లూ సాగే ఆ ఆటకు ఆ పేరు ఎందుకు వచ్చిందని అడిగితే మాత్రం నేటి కుర్రవాళ్లలో చాలామంది తెల్లబోతారు. వెనుక గ్రామఫోను రికార్డు తిరుగుతూ ఉండగా, ఆ పాటకు అనుగుణంగా ముందు మనిషి ఆడడం వల్ల వచ్చిన పేరది. రికార్డు పోయింది, దాని తరువాత వచ్చిన క్యాసెట్టు పోయింది, ఆ పైన వచ్చిన సీడీ కూడా పోయింది. పేరు ఒక్కటే మిగిలింది. వస్తువు గతించినా దాని పేరు భాషలో నిలిచి ఉండడం కొత్త కాదు. కానీ ఆ వస్తువును అమ్మిన కొట్టు ఏమయింది, ఆ కొట్టుతో పాటు ఇంకా ఏమేమి పోయాయి అన్న ప్రశ్నను మనం అంతగా పట్టించుకున్నట్టు లేదు. దానికి మా నెల్లిమర్ల వైపు నుంచి నాకు తోచిన సమాధానం ఈ వ్యాసం.

కథ మొదలు పెట్టవలసింది కలకత్తా నుంచి. ఎమిల్ బెర్లినర్ 1887లో బల్లపరుపు రికార్డును కనిపెట్టిన పదిహేనేళ్లకు, 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ వంటి గాయనుల గొంతులను రికార్డు చేశాడు. 1908లో గ్రామఫోన్ కంపెనీ కలకత్తాలోని సియాల్దాలో రికార్డుల కర్మాగారం తెరిచింది. తరువాత అది డమ్‌డమ్‌కు మారింది. ఆ నల్లటి పలకకు ముడిసరుకు లక్క. లక్క పండేది ప్రధానంగా ఛోటా నాగపూర్ అడవుల్లో. అంటే లండన్ నగరంలో తిరిగిన పలకలో కూడా మన తూర్పు అడవుల చెట్ల మీది పురుగు పెట్టిన లక్కే ఉండేదన్న మాట. దక్షిణాదివారి పాటలు మద్రాసులోనో బెంగుళూరులోనో రికార్డయినా, కుక్కబొమ్మ కంపెనీ వారి పలకలు అచ్చు కావలసింది కలకత్తాలోనే. కలకత్తా, మద్రాసులను కలిపే రైలుమార్గం మా నెల్లిమర్ల స్టేషను మీదుగానే పోతుంది. మా మిల్లుకు కావలసిన జనపనార, మా చెవులకు కావలసిన పాట, రెండూ ఆ దారినే నడిచాయనుకుంటే నాకు ముచ్చటగా ఉంటుంది.

మనవాళ్లు రికార్డును ‘ప్లేటు’ అన్నారు. పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది; ఒక్కొక్క వైపు పట్టేది సుమారు మూడు నిమిషాల పాట. ఈ మూడు నిమిషాల కొలత మన సంగీతాన్ని ఎంతగా మార్చివేసిందో పెద్దలు చాలామంది రాశారు. రంగస్థలం మీద పద్యం ఎత్తుకున్న నటుడు రాగాలాపనతో, వన్స్‌మోర్లతో పది నిమిషాలు తీసుకునేవాడు. ప్లేటు మీద ఆ స్వేచ్ఛ లేదు. పద్యం చదివి, రాగం రుచి చూపించి, సూది లోపలి అంచు చేరేలోగా ముగించాలి. నేటి సినిమా పాట మూడు నాలుగు నిమిషాలు ఉండడానికి ఒక కారణం ఆనాటి లక్కపలక వైశాల్యమే.

ప్లేట్లు అమ్మే కొట్టు వట్టి కొట్టుగా ఉండిపోలేదు. దీనికి మద్రాసులో గొప్ప ఉదాహరణ ఉంది. కారైక్కుడిలో తండ్రి నడిపే దుకాణంలో గ్రామఫోను రికార్డులు అమ్మిన ఎ.వి. మెయ్యప్పన్, మద్రాసు చేరి భాగస్వాములతో కలిసి సరస్వతీ స్టోర్స్ నెలకొల్పి, ఒడియన్ కంపెనీ రికార్డులు అమ్మాడు. ఏ పాట అమ్ముడుపోతుందో కొట్టులో కూర్చుని గ్రహించిన మనిషి, పాటలు తానే తీయించాడు; ఆ పైన సినిమాలు తీశాడు. మన తెలుగువారు ‘భూకైలాస్’ (1940) చూసినది ఆయన చలవ వల్లనే. ఎ.వి.ఎం. అనే మూడక్షరాల వెనుక ఉన్నది రికార్డుల కొట్టు గల్లాపెట్టె దగ్గర సంపాదించిన చెవి. కొనేవాడు ఏమి అడుగుతున్నాడో, దేనికి తల ఊపుతున్నాడో, దేనిని రెండు గిరగిరలకే ఆపమంటున్నాడో రోజంతా చూసే మనిషి కొట్టువాడు ఒక్కడే. ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. మళ్లీ దీనితో పని ఉంది.

ఇక మా ప్రాంతం సంగతి. ప్లేట్ల మీదికి ఎక్కిన గొంతులను లెక్కవేస్తే ఉత్తరాంధ్ర వాటా చిన్నది కాదు. పూసపాటి విజయరామ గజపతిరాజు 1919లో విజయనగరంలో నెలకొల్పిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యులు, 1936 నుంచి అధ్యక్షులు. ద్వారం వారి ఫిడేలు ప్లేట్లు దక్షిణాది అంతటా మోగాయి. ఘంటసాల ఆ కళాశాలలో చదువుకున్నాడు. విజయనగరంలోనే 1935లో పుట్టిన పి. సుశీల కూడా అక్కడే చదివింది. సాలూరు దగ్గరి శివరామపురం నుంచి వచ్చిన సాలూరి రాజేశ్వరరావును, ఇంకా మీసకట్టయినా రాని ప్రాయంలో, 1930ల తొలి భాగంలో హచిన్స్ రికార్డుల కంపెనీ బెంగుళూరు తీసుకువెళ్లి పాడించింది. ఆ గొంతే ఆయనను 1935లో ‘శ్రీకృష్ణలీలలు’లో కృష్ణుణ్ణి చేసింది. ఆ పైన రావు బాలసరస్వతీదేవితో కలిసి ఆయన పాడిన లలితగీతాల ప్లేట్లు, సినిమాతో నిమిత్తం లేకుండా కూడా తెలుగువాడు ప్లేటు కొంటాడని నిరూపించాయి. సాలూరు ఇప్పుడు 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది గాని, మా వాళ్ల లెక్కలో ఆయన మావాడే.

అయితే పాడిన ప్రాంతం వేరు, కొన్న ప్రాంతం వేరు. మా వైపు గ్రామఫోను పెట్టె జమీందారుల ఇళ్లలో, ప్లీడర్ల ఇళ్లలో, కొందరు కోమట్ల ఇళ్లలో ఉండేది. నెల్లిమర్ల జూట్ మిల్లులో వారం కూలి తీసుకునే మనిషి పెట్టె కొని, ప్లేట్లు కొని, ప్రతి వైపుకూ సూది మారుస్తూ పాట వినగలడా? వినలేడు. కానీ విన్నాడు. ఎలాగంటే, మైకుసెట్టు వల్ల.

ఈ మైకుసెట్టును గురించి మన సంగీత చరిత్రలలో తగినంత రాయలేదని నా అభిప్రాయం. ఇంగ్లండులో, అమెరికాలో రికార్డు అంటే ఇంటి వస్తువు. ఒక మనిషి కొట్టుకు వెళతాడు, ఒకటి కొంటాడు, ఇంటికి తెచ్చుకుని తలుపు వేసుకుని వింటాడు. మా దగ్గర రికార్డు ఊరి వస్తువు. పెళ్లికి, పుష్పవతి పేరంటానికి, గ్రామదేవత పండుగకు, రామతీర్థం ఉత్సవానికి, పైడితల్లి సిరిమానుకు గొట్టాల లౌడుస్పీకర్లు కొబ్బరిచెట్టుకు కట్టి ప్లేటు వేస్తే, ఆ ఒక్క ప్లేటును నాలుగు వీధులు వింటాయి. సినిమా హాలు వాడు ఆట మొదలవుతున్నదని చెప్పడానికి పైన గొట్టంలో పాట వేస్తే, పొలంలో ఉన్నవాడు కూడా వింటాడు. కాబట్టి చిన్న ఊళ్లకు సరుకు పంపే విజయనగరం, విశాఖపట్నం రికార్డుల కొట్లకు నమ్మకమైన ఖాతాదారులు మైకుసెట్టు వాళ్లు. కొత్త సినిమా విడుదలైతే వాళ్లకు ప్లేటు వెంటనే కావాలి. లేకపోతే పక్క ఊరి సెట్టుకు బేరం పోతుంది. పెళ్లివారు ఏ పాటలు అడుగుతారో వాళ్లు వచ్చి కొట్టువాడికి చెబుతారు. మద్రాసు నుంచి ఏమి దిగిందో కొట్టువాడు వాళ్లకు చెబుతాడు. ఊరి అభిరుచి ఆ ఇద్దరి సంభాషణలో తయారయేది.

1948లో విజయవాడ రేడియో కేంద్రం, 1957లో వివిధభారతి వచ్చాక కొట్లు పడిపోతాయని కొందరు భయపడ్డారట. పడిపోలేదు సరికదా, పెరిగాయి. రేడియో పాటను తన వేళకు వినిపిస్తుంది. కొట్టు నీ వేళకు వినిపించే సాధనాన్ని అమ్ముతుంది. రేడియోలో విని మనసుపడినవాడు కొట్టుకు రావలసిందే. లక్కప్లేటు పోయి, జారిపడినా పగలని వినైల్ వచ్చింది. 45 చుట్ల చిన్న రికార్డులో నాలుగు పాటలు, 33 చుట్ల పెద్ద రికార్డులో సినిమా మొత్తం. ఘంటసాల గానం చేసిన భగవద్గీత, ఆయన పోయిన తరువాత 1974లో విడుదలై, మైకుసెట్ల వల్ల ఎంత వ్యాపించిందో మనకు తెలుసు. మా వైపు ఇప్పటికీ చావు కబురును ముందుగా చెప్పేది ఆ గొంతే. ఒక రికార్డు ఊరి ఆచారంగా మారిపోవడానికి ఇంతకంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

క్యాసెట్టు వచ్చాక కొట్టు రూపం మారింది. ఫిలిప్స్ వారు 1963లో తెచ్చిన ఈ డబ్బీ మన చిన్న ఊళ్లకు 1980లలో గాని దిగలేదు. దిగినది మాత్రం వరదలా దిగింది. గుల్షన్ కుమార్ సూపర్ క్యాసెట్స్ వంటి సంస్థలు ధర తగ్గించి, కిరాణా కొట్లలో, పాన్ కొట్లలో కూడా క్యాసెట్లు పెట్టించాయి. దశాబ్దాలపాటు దాదాపు ఏకఛత్రాధిపత్యం నడిపిన కుక్కబొమ్మ కంపెనీ ఆ దెబ్బకు కుంగింది. 1980ల మధ్యలో చేతులు మారి, 2000లో సరిగమగా పేరు మార్చుకుంది. తెలుగులో ఆదిత్య, సుప్రీం, లహరి వంటి పేర్లు ఇంటింటి మాటలయ్యాయి.

నెల్లిమర్ల వంటి ఊరికి సొంత పాటల కొట్టు వచ్చింది ఈ రోజుల్లోనే. దాని పేరు రికార్డింగ్ సెంటర్. గోడనిండా అరలు, అరలనిండా రికార్డులు, క్యాసెట్లు, ముందు రెండు డెక్కులు. పాటల జాబితా రాసి, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి వస్తే రెండు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవారు. ఇది చట్టానికి సరిపడే పని కాదు. కాని చట్టం మా ఊరి దాకా వచ్చేది కాదు. నేను ఎరిగిన కొట్టువాడు మా జాబితాను ఉన్నదున్నట్టు ఒప్పుకునేవాడు కాదు. “నైంటీ వద్దు బాబూ, టేపు పల్చన, నలిగిపోతాది. సిక్స్టీ తీసుకో” అనేవాడు. అది అనుభవంతో చెప్పిన మాట. నిజంగానే తొంభై నిమిషాల టేపు అరవై నిమిషాల టేపు కన్న పలుచన. చివర రెండు నిమిషాలు మిగిలితే మనం అడగని పాట ఒకటి తన ఇష్టంగా ఎక్కించేవాడు. నాకు మల్లాది వారిని, పాత నాటక పద్యాలను, పేరు తెలియని హరిదాసులను పరిచయం చేసినవి ఆ మిగిలిన రెండేసి నిమిషాలే.

ఆ కొట్లలో కంపెనీ సరుకు కాక ఇంకొకటి ఉండేది. ఊళ్లో నాటకమో, హరికథో, జముకుల కథో జరిగితే మైకుసెట్టు వాళ్లు ఆంప్లిఫయరుకు టేపురికార్డరు తగిలించి పట్టేవారు. ఆ క్యాసెట్టు రికార్డింగ్ సెంటరుకు చేరేది. అడిగినవారికి అక్కడి నుంచి నకళ్లు వెళ్లేవి. వాటికి అట్ట మీద బొమ్మ లేదు, కంపెనీ పేరు లేదు, నంబరు లేదు. ఏ క్యాసెట్టులో ఏముందో, ఎవరు పాడారో, ఏ ఊరి తీర్థంలో పాడారో, ఆ జాబితా అంతా కొట్టువాడి తలలోనే ఉండేది.

తరువాతి కథ అందరికీ తెలిసినదే. సీడీ వచ్చింది. ఒక సీడీలో నూటికి పైగా పాటలు పట్టే ఎంపీ3 వచ్చింది. 2000ల చివరికి రికార్డింగ్ సెంటర్లు సెల్లు ఫోన్ల కొట్లయి, ‘మెమరీ కార్డులో పాటలు ఎక్కించబడును’ అని బోర్డులు పెట్టాయి. ప్లేటులో రెండు పాటలు, సిక్స్టీ క్యాసెట్టులో పన్నెండో పద్నాలుగో, రెండు జీబీల కార్డులో సుమారు ఐదువందలు. సంఖ్య పెరిగిన కొద్దీ ఎంచడం తగ్గింది. ఎంచడం తగ్గిన కొద్దీ ఎంచిపెట్టే మనిషితో పని తగ్గింది. 2016లో జియో వచ్చి డేటా చౌక అయ్యాక పాట ఎక్కించుకునే అవసరమే లేకపోయింది. కొట్టు బతికినది పాట దొరకకపోవడం మీద. పాట ఎప్పుడు పడితే అప్పుడు దొరికిన నాడు కొట్టుకు ఆయువు చెల్లింది.

పెద్ద ఊళ్లలోనూ ఇదే జరిగింది. అమెరికాలో టవర్ రికార్డ్స్ 2006లో దివాళా తీసి మూతబడింది. కలకత్తా పార్క్ స్ట్రీట్‌లోని మ్యూజిక్ వరల్డ్ 2013లోను, బొంబాయిలోని రిథమ్ హౌస్ 2016లోను తలుపులు వేశాయి. లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలో 1921లో తెరిచిన కుక్కబొమ్మ వారి కొట్టు 2019లో మూతబడి, 2023లో మళ్లీ తెరుచుకుంది. వాటి కోసం పత్రికలు సంపాదకీయాలు రాశాయి, అభిమానులు చివరి రోజున బారులు తీరారు. వినైల్ మళ్లీ ఫాషనయింది కనుక అక్కడ కొన్ని కొట్లు తిరిగి లేస్తున్నాయి కూడా. మా ఊరి కొట్టుకు సంపాదకీయం లేదు, చివరి రోజు కూడా లేదు. ఒక అర క్యాసెట్లు తీసి ఫోను కవర్లు పెట్టారు. మరుసటి ఏడు ఇంకొక అర. ఆఖరికి మిగిలినవాటిని పాత ఇనప సామాను కొనేవాడికి తూకానికి వేశారు.

నేను చెప్పదలచిన విషయం ఇక్కడ ఉంది. లండన్ కొట్టు మూతబడితే పోయింది కొట్టు మాత్రమే. అందులోని ప్రతి రికార్డుకూ హక్కుదారు ఉన్నాడు, మాతృక ఉంది, నేడు ఫోనులో వినబడుతోంది. మన సినిమా పాటకూ అంతే. పాత ప్లేట్లకు సేకరణకర్తలు ఉన్నారు. బొబ్బిలి రాజవంశానికి చెందిన వి.ఎ.కె. రంగారావు గారు మద్రాసులో వేలాది 78 చుట్ల రికార్డులు పోగుచేసి, వాటి లేబుళ్ల మీది ప్రతి అక్షరానికీ విలువ ఉందని మనకు నేర్పారు. ‘ఈమాట’ వంటి జాలపత్రికలు పాత ధ్వనులను వివరాలతో సహా వినిపించాయి. మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీది హక్కు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. కనుక ప్లేట్ల కాలపు సంపద చాలా వరకు ఇప్పుడు అందరి సొత్తు. దానిని కాపాడుకునే దారి ఉంది. మరి కంపెనీ లేని, నంబరు లేని, హక్కుదారు లేని ఆ మైకుసెట్టు క్యాసెట్లకు ఎవరున్నారు? ఉన్నవాడు కొట్టువాడు ఒక్కడే. కొట్టు పోవడంతో మిగతా చోట్ల వ్యాపారం పోయింది; మా దగ్గర మూలప్రతి పోయింది.

తూకానికి పోగా మిగిలిన వాటిలో పదకొండు క్యాసెట్లు నా దగ్గర ఉన్నాయి. ఒకదాని మీద నీలం సిరాతో ‘గయోపాఖ్యానం – 2’ అని ఉంది. అంతే. ఊరు లేదు, సంవత్సరం లేదు, పేర్లు లేవు. ఒకటవ భాగం లేదు. కృష్ణుడి పద్యాలు చదివిన గొంతు అసాధారణంగా ఉంది. మధ్యలో ఎవరో బిడ్డ ఏడుపు, వెనుక జనరేటరు మోత, వన్స్‌మోర్ కేకలు వినబడతాయి. వినిపించిన ప్రతి పెద్దాయనా పీసపాటి నరసింహమూర్తి గారే అన్నారు. కృష్ణుడి పద్యం బాగా వినబడితే మా జిల్లాలో అందరూ చెప్పే పేరు అదే కాబట్టి, దానిని సాక్ష్యంగా తీసుకోలేను. ఆయన గొంతు తెలిసిన ఇద్దరు మాత్రం కాదన్నారు. అయితే ఎవరు? మా పక్క పల్లెలో పగలు మిల్లు పనికి వెళ్లి రాత్రి కిరీటం పెట్టుకున్న మనిషి ఎవరైనా కావచ్చు. ఆ మనుమలు ఈ ఊళ్లోనే ఉండి, తమ తాత గొంతు నా అలమరలో ఉన్నదని తెలియకుండా రోజూ నా ముందు నుంచి నడిచి పోతూ ఉండవచ్చు. కొట్టువాడిని అడిగితే ఒక్క నిమిషంలో చెప్పి ఉండేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

అందుచేత చదువరులకు ఒక మనవి. మీ అటకల మీద, మూతబడిన మైకుసెట్ల సామాన్ల మధ్య, పాత రికార్డింగ్ సెంటరు నడిపినవారి ఇళ్లలో కంపెనీ పేరు లేని క్యాసెట్లు కనిపిస్తే తూకానికి వేయకండి. సినిమా పాటల క్యాసెట్లయితే పోనివ్వండి. అవి ఎక్కడికీ పోవు. చేతిరాత ఉన్నవాటిని తీసి పెట్టండి. తేమ తగలని చోట నిలువుగా ఉంచండి. వినే ముందు ఒకసారి అటూ ఇటూ పూర్తిగా చుట్టండి. కంప్యూటరులోకి ఎక్కించగలిగితే ఎక్కించండి. వీటన్నిటికంటె ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. దానికి యంత్రం అక్కరలేదు. ఆ కొట్టువారిలో, మైకుసెట్టు వారిలో బతికి ఉన్నవారి దగ్గరకు క్యాసెట్టు పట్టుకుని వెళ్లి, ఇది ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ పండుగ అని అడిగి, వారు చెప్పినది అట్ట మీద రాసుకోండి. టేపు ఇంకొక పదేళ్లు ఆగుతుందేమో. చెప్పగలిగిన వారు అంతకాలం ఆగుతారన్న భరోసా లేదు.